ఫోటో అక్కర్లేదు, పద్దు చూపించండి చాలు

2022 డిసెంబర్ 9న అరుణాచల్‌లో తవాంగ్ దగ్గర యాంగ్‌త్సే అనే చోట మన సైనికులకీ చైనా సైనికులకీ మధ్య గొడవ జరిగింది. నాలుగు రోజులకి, అంటే 13న, రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఉభయసభల్లో ప్రకటన చేశారు, మనవాళ్లెవరూ చనిపోలేదు, ఎవరికీ తీవ్రమైన గాయాలు కాలేదు, వచ్చినవాళ్లని వెనక్కి పంపించాం అని. రాజ్యసభలో ప్రతిపక్షం వాళ్లు లేచి కొన్ని వివరణలు కావాలంటే, ఇది సున్నితమైన విషయం, వివరణలు కుదరవు అన్నారు, వాళ్లు వాకౌట్ చేశారు. చర్చ పెట్టండని సెషన్ అయిపోయేదాకా అడుగుతూనే ఉన్నారు, పెట్టలేదు.

మూడు నెలలు గడిచాక, 2023 మార్చిలో, యూఎస్ న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్ అనే అమెరికన్ పత్రిక ఒక కథనం వేసింది. చైనా బలగాలు ఎక్కడున్నాయి, ఎంతమంది ఉన్నారు అనేది అమెరికా మన సైన్యానికి ఎప్పటికప్పుడు, శాటిలైట్ చిత్రాలతో సహా అందించిందని, అందుకే ఆ రోజు మనవాళ్లు ముందే కాచుకుని ఉన్నారని దాని సారాంశం. అది పేరు చెప్పని వాళ్లు చెప్పిన మాట. వైట్‌హౌస్ తరఫున మాట్లాడే జాన్ కిర్బీని అడిగితే దాన్ని ధ్రువీకరించలేనన్నారు. కాబట్టి అది నిజమే అని నేను ఇక్కడ వాదించట్లేదు. నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకోటి: లోక్‌సభలో 543 మంది ఉన్నారు కదా, వాళ్లలో ఒక్కరికైనా, తలుపులు మూసిన గదిలో అయినా సరే, ఇది నిజమా కాదా అని అడిగి జవాబు రాబట్టుకునే దారి ఉందా అంటే, మన వ్యవస్థలో అలాంటి దారి కట్టలేదు. ఈ వ్యాసం అంతా ఆ దారి గురించే.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1964లో చైనా మొదటి అణుపరీక్ష చేశాక, ఆ పరీక్షల మీద కన్నేసి ఉంచడానికి 1965లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, మన గూఢచారి సంస్థ ఐబీ కలిసి నందాదేవి శిఖరం మీద ప్లూటోనియంతో నడిచే ఒక పరికరం పెట్టబోయారు. వాతావరణం బాగోక మధ్యలోనే వదిలేసి దిగొచ్చారు, మరుసటి ఏడాది వెళ్లి చూస్తే అది లేదు, ఇప్పటికీ దొరకలేదు. గంగకి నీళ్లు పంపే మంచుకొండ మీద జరిగిన ఈ సంగతి మన పార్లమెంట్‌కి ఎప్పుడు తెలిసిందో తెలుసా, 1978లో. అదీ ఔట్‌సైడ్ అనే అమెరికన్ మ్యాగజైన్‌లో కథనం వచ్చి పెద్ద గొడవయ్యాక, ఆ ఏప్రిల్‌లో ప్రధాని మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో నిలబడి, అవును, రెండు ప్రభుత్వాల్లో పై స్థాయిలో తీసుకున్న నిర్ణయమే అని ఒప్పుకున్నారు. అంటే 13 ఏళ్లు. అప్పుడూ అమెరికన్ పత్రికే చెప్పింది, 45 ఏళ్ల తర్వాత మళ్లీ అమెరికన్ పత్రికే చెప్పింది. మన గడ్డ మీద, మన సరిహద్దులో జరిగేది మన ప్రతినిధులకి పరాయి దేశం న్యూస్‌స్టాండ్ నుంచి తెలియడం నాకు అసలు మింగుడుపడదు.

సరే, ఇప్పుడు ఆ సమాచారం వచ్చే గొట్టం ఏంటో చూద్దాం. అమెరికాతో మనకి ఈ వరసలో నాలుగు ఒప్పందాలున్నాయి. 2002లో జీసోమియా, అంటే ఒకళ్లు ఇచ్చిన సైనిక రహస్యాన్ని ఇంకొకళ్లు ఎలా దాచాలి అనేది. 2016లో లెమోవా, ఇది ఓడలకీ విమానాలకీ ఇంధనం, సరుకుల సంగతి. 2018లో కామ్‌కాసా, ఎన్‌క్రిప్షన్ ఉన్న కమ్యూనికేషన్ పరికరాల కోసం. చివరిది బెకా. 2020 అక్టోబర్ 27న ఢిల్లీలో, నిజాం కట్టించుకున్న హైదరాబాద్ హౌస్‌లోనే ఆ రోజు రెండు దేశాల విదేశాంగ, రక్షణ మంత్రులు కూర్చున్న మీటింగ్‌లో సంతకాలయ్యాయి. అవతల పక్క ఇందులో పనిచేసే సంస్థ నేషనల్ జియోస్పేషియల్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ, పొట్టిగా ఎన్‌జీఏ, ఇవతల మన రక్షణ శాఖ.

బెకా అంటే శాటిలైట్ ఫోటోలు అని చాలామంది అనుకుంటారు, అంతకంటే పెద్దది. మ్యాపులు, సముద్రంలో లోతులు చూపించే చార్టులు, విమానాల చార్టులు, భూమి అయస్కాంత క్షేత్రం, గురుత్వాకర్షణ కొలతలు ఇవన్నీ ఉంటాయి. గురుత్వాకర్షణతో పనేంటి అనిపించొచ్చు. భూమి అంతటా అది ఒకేలా ఉండదు, కొండల దగ్గర, లోయల దగ్గర కొద్దిగా మారుతుంది, దూరం వెళ్లే మిస్సైల్‌కి ఆ కొద్ది తేడాలన్నీ కలిసి చివర్లో గురి తప్పేంత అవుతాయి, కాబట్టి ఆ లెక్క ఎంత బాగా తెలిస్తే గురి అంత బాగా కుదురుతుంది. ఎక్కువ భాగం రహస్యం కాని సమాచారమే అని, కానీ మూడో వాళ్లకి వెళ్లకూడదనే కట్టుబాటుతో రహస్య సమాచారం ఇచ్చుకునే వీలు కూడా ఉందని సంతకాలప్పుడు మన పత్రికలు రాశాయి. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోవాలి, ఒప్పందం అనేది తలుపు మాత్రమే, ఆ తలుపులోంచి ఏ రోజు ఏం లోపలికొచ్చింది, ఏం బయటికెళ్లింది అనేది ఒప్పందం కాగితంలో ఉండదు, ఆ రోజు ఆ అధికారుల మధ్య తేలేది.

ఇవన్నీ వద్దు అనేవాడిని కాదు నేను. బెకా సంతకాలకి నాలుగు నెలల ముందే, 2020 జూన్‌లో గల్వాన్‌లో 20 మంది పోయారు, వాళ్లకి నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ, ఆయన పార్థివదేహం ఇంటికొచ్చిన రోజు ఆ ఊరు ఎలా ఉందో టీవీలో చూసినవాళ్లెవరూ మర్చిపోరు. అవతలి వాడు ఎక్కడ గుడారం వేశాడో ఒక రోజు ముందు తెలిస్తే ఒక్క ప్రాణం మిగిలినా ఆ ఫోటో ఎవరిచ్చినా తీసుకోవాల్సిందే. మనకి సొంత కళ్లు లేవా అంటే ఉన్నాయి, 2019 నవంబర్‌లో శ్రీహరికోట నుంచి పైకెళ్లిన కార్టోశాట్-3 నేల మీద 30 సెంటీమీటర్ల కంటే చిన్న వస్తువుని కూడా పట్టగలదు, హైదరాబాద్ పక్కన షాద్‌నగర్‌లో ఇస్రోకి చెందిన ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల పెద్ద పెద్ద యాంటెన్నాలు రోజూ మన ఉపగ్రహాల డేటా దించుకుంటూనే ఉన్నాయి. కానీ ఒక ఉపగ్రహం ఒకే చోటు మీద నిలబడి చూస్తూ ఉండదు కదా, తిరిగి తిరిగి ఎప్పుడో మళ్లీ పైకొస్తుంది, ఎన్ని ఎక్కువ ఉంటే అంత తరచుగా చూడొచ్చు, అమెరికాకి అవి చాలా ఉన్నాయి. కాబట్టి అవసరం నిజం.

అలాగే రహస్యం కూడా నిజంగానే అవసరం, అది వట్టి సాకు కాదు. దీనికి రెండు ఫోటోల కథ చెప్తాను.

మొదటిది 2019 ఆగస్టు 30న డొనాల్డ్ ట్రంప్ ట్వీట్ చేసింది. ఇరాన్‌లో సెమ్నాన్ దగ్గర రాకెట్ ప్రయోగవేదిక మీద ఏదో పేలింది, ఆ కాలిపోయిన వేదిక ఫోటో పెట్టారు. ఫోటో ఎంత స్పష్టంగా ఉందంటే అంచున రాసిన అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. ఆకాశంలో ఉపగ్రహాలని హాబీగా ఫాలో అయ్యేవాళ్లు కొంతమంది కూర్చుని, నీడ ఎటు పడిందో చూసి టైమ్ లెక్కేశారు, ఫోటో ఏ కోణంలోంచి తీశారో లెక్కేశారు, ఆ టైమ్‌కి ఆ కోణంలో ఆకాశంలో ఏముందో చూశారు, యూఎస్ఏ-224 అనే అమెరికా నిఘా ఉపగ్రహం అని తేల్చేశారు. అది ఎంత చిన్న వస్తువుని చూడగలదో కూడా అంచనా వేసేశారు. జీతం లేని ఔత్సాహికులే ఇంత లాగితే, శత్రుదేశం నిఘా సంస్థ ఎంత లాగుతుందో ఆలోచించండి.

రెండోది మన పీవీ నరసింహారావు గారి హయాంలోది. 1995 డిసెంబర్‌లో పోఖ్రాన్‌లో అణుపరీక్షకి ఏర్పాట్లు జరుగుతున్నాయని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. ఆపండి అని చెప్పడానికి వాళ్ల రాయబారి ఫ్రాంక్ విస్నర్ శాటిలైట్ ఫోటో పట్టుకెళ్లి పీవీ ప్రిన్సిపల్ సెక్రటరీ ఏఎన్ వర్మకి చూపించారు. పరీక్ష అప్పటికి ఆగింది. కానీ ఫోటోలో ఏం కనపడిందో చూశాక మనవాళ్లకి పైనుంచి వాళ్లు ఏమేం పట్టగలరో అర్థమైంది. 1998 మేలో వాజ్‌పేయి ప్రభుత్వం పరీక్షలు చేసినప్పుడు పనంతా రాత్రిళ్లు, ఉపగ్రహం పైన లేని టైమ్ చూసుకుని చేశారు, సీఐఏకి తెలియనే లేదు. ఒక్క ఫోటో చూపించడం వల్ల చూపించినవాడికి అంత నష్టం. అందుకే ఇచ్చేవాడు షరతు పెడతాడు: నీకిస్తున్నా, ఇంకెవరికీ చూపించకు.

ముడి పడేది సరిగ్గా ఈ షరతు దగ్గరే. నిఘా ప్రపంచంలో దీన్ని మూడో పక్షం నియమం అంటారు, సమాచారం ఎవరిదో వాళ్ల అనుమతి లేకుండా అది మూడో చేతికి వెళ్లకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ మూడో చేయి ఎవరు అన్న ప్రశ్న వచ్చినప్పుడు, పుచ్చుకున్న దేశం తాలూకు సొంత పార్లమెంట్‌ని కూడా చాలా చోట్ల మూడో పక్షంగానే లెక్కేస్తారు. అంటే మనం ఓటేసి పంపిన ఎంపీ ఏం చూడొచ్చో ఏం చూడకూడదో ఇంకో దేశం ఏజెన్సీ చేతిలో ఉంటుంది. మన ఇంట్లో బీరువా తాళం పక్కింటాయన దగ్గర పెట్టినట్టు. దీనివల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది, మన ప్రభుత్వానికి ఇబ్బందైన విషయం ఏదైనా సరే, ఇది మిత్రదేశం ఇచ్చింది, చెప్పలేం అనేస్తే అడిగేవాడి నోరు మూతపడుతుంది.

దీని మీద గట్టిగా కొట్లాడింది జర్మనీ. బవేరియాలో బాడ్ ఐబ్లింగ్ అనే చోట ఉపగ్రహాల ద్వారా వెళ్లే కమ్యూనికేషన్‌ని పట్టే స్టేషన్ ఉంది, అక్కడ జర్మన్ నిఘా సంస్థ బీఎన్‌డీ, అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ ఇచ్చిన ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ల లాంటి పదాల లిస్టు పెట్టుకుని వెతికి ఆ ఫలితాలు ఎన్ఎస్ఏకి ఇచ్చేది. 2014లో జర్మన్ పార్లమెంట్ విచారణ కమిటీ వేసింది. ఆ లిస్టులో ఎవరెవరి పేర్లున్నాయో మాకు చూపించండి అన్నారు ఎంపీలు, అది అమెరికా వాళ్లది, చూపించం అంది ప్రభుత్వం. గొడవ రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది, 2016లో కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది, మిత్రదేశంతో సహకారం దెబ్బతింటుందన్న ఆందోళనకే బరువు ఎక్కువ అని. పైకి చూస్తే పార్లమెంట్ ఓడిపోయినట్టే.

కానీ ఈలోపు జరిగిన ఒక పని మీద నా దృష్టి ఎక్కువ. కుర్ట్ గ్రౌలిష్ అనే రిటైర్డ్ జడ్జిని ఒక్కరిని కూర్చోబెట్టి లిస్టు ఆయనకి చూపించారు. ఆయన ఆ పేర్లు బయటపెట్టలేదు. వర్గాలుగా విడగొట్టి లెక్కపెట్టి, యూరప్ ప్రభుత్వాల తాలూకు అడ్రసులు కూడా అందులో ఉన్నాయి, అమెరికా రెండు దేశాల ఒప్పందాన్ని మీరింది అని 2015లో రిపోర్టు ఇచ్చారు. అంటే రహస్యం రహస్యంగానే ఉంది, తప్పు మాత్రం బయటికొచ్చింది. ఎంపీల బదులు ప్రభుత్వం ఎంచిన ఒక్క మనిషి చూడటం సరైన పద్ధతి కాదు, ఆ అసంతృప్తి అక్కడి ప్రతిపక్షానికీ ఉంది, అయినా సరుకు చూపించకుండా లెక్క చెప్పొచ్చు అనేది అక్కడ రుజువైంది.

ఆస్ట్రేలియా సంగతి ఇంకా బాధగా ఉంటుంది. దేశం నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర పైన్ గ్యాప్ అనే అమెరికా, ఆస్ట్రేలియా ఉమ్మడి స్థావరం ఉంది, అమెరికా నిఘా ఉపగ్రహాలకి అది నేల మీద స్టేషన్. 1966 ఒప్పందం అది. 1999లో ఆ ఒప్పందాన్ని పొడిగించేటప్పుడు పార్లమెంట్ ఒప్పందాల కమిటీ పరిశీలనకి కూర్చుంది, లోపలి వివరాలు మీకు చెప్పం అన్నారు. అమెరికా కాంగ్రెస్ సభ్యులకి దొరికే వివరాలు, ఎవరి నేల మీద స్థావరం ఉందో వాళ్ల పార్లమెంట్‌కి దొరకట్లేదు అని ఆ కమిటీ తన రిపోర్టులోనే వాపోయింది.

అమెరికాలో ఎందుకు దొరుకుతుంది అంటే, 1970ల్లో వాళ్ల నిఘా సంస్థల ఆగడాలు బయటపడ్డాక సెనేట్ 1976లో, ప్రతినిధుల సభ 1977లో శాశ్వత ఇంటెలిజెన్స్ కమిటీలు పెట్టుకున్నాయి. బడ్జెట్ వాళ్ల చేతిలోంచే వెళ్తుంది. 1972 నాటి కేస్ చట్టం ప్రకారం ప్రభుత్వం విదేశాలతో చేసుకున్న ఒప్పందాల పాఠం కాంగ్రెస్‌కి పంపాలి, రహస్యమైనవైతే రహస్యంగానే సంబంధిత కమిటీలకి పంపాలి. పోఖ్రాన్ సంగతే చూడండి, మన పరీక్ష వాళ్ల ఉపగ్రహాలకి చిక్కకపోతే సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్ రిచర్డ్ షెల్బీ వెంటనే ఇది ఘోర వైఫల్యం అని నిలదీశారు, కొద్ది వారాల్లోనే అడ్మిరల్ జెరెమియా నాయకత్వంలో సమీక్ష జరిగి లోపాలు ఏంటో తేల్చారు. బ్రిటన్‌లో కూడా తొమ్మిది మంది సభ్యుల కమిటీ ఒకటి 1994 నుంచి ఉంది, 2013లో దాని అధికారాలు పెంచారు, దానికీ పరిమితులు బోలెడు, కానీ తలుపు మీద పేరు రాసిన గది ఒకటి ఉంది.

మన దగ్గర ఆ గదే లేదు. ఐబీ 1887 నాటిది, విదేశాల్లో నిఘా చూసే రా 1968లో వచ్చింది, సాంకేతిక నిఘా చూసే ఎన్‌టీఆర్‌ఓ 2004లో వచ్చింది, వీటిలో ఏ ఒక్కదానికీ ఇదీ నీ పని, ఇదీ నీ హద్దు, ఫలానా వాళ్లకి నువ్వు జవాబుదారీ అని చెప్పే పార్లమెంట్ చట్టం లేదు. ఒప్పందాల సంగతికొస్తే, రాజ్యాంగం 73వ అధికరణం కింద విదేశాలతో ఒప్పందాలు చేసుకునే అధికారం ప్రభుత్వానిది, 253 ప్రకారం వాటిని అమలు చేయడానికి చట్టం చేసే అధికారం పార్లమెంట్‌ది, కానీ ఒప్పందానికి ముందు పార్లమెంట్ ఆమోదం తీసుకోవాలి అని ఎక్కడా లేదు. 2008లో అమెరికాతో అణు ఒప్పందం మీద అంత రగడ జరిగినప్పుడు కూడా సభ ఆ ఒప్పందం మీద ఓటెయ్యలేదు, ప్రభుత్వం ఉండాలా పోవాలా అనే విశ్వాస తీర్మానం మీద ఓటేసింది, 275కి 256. మొత్తం ప్రభుత్వాన్ని పడగొట్టడమో నోరు మూసుకోవడమో, మధ్యలో ఇంకో మెట్టు లేదన్నమాట.

రక్షణ శాఖ స్థాయీ సంఘం ఉంది కదా అంటారు. 31 మంది ఉంటారు, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. బడ్జెట్ పద్దులు చూస్తారు, కొనుగోళ్లు ఎందుకు ఆలస్యమయ్యాయి అని అడుగుతారు, మంచి పనే చేస్తారు, కానీ నిఘా సమాచారం ఎవరితో పంచుకుంటున్నారు అనేది వాళ్ల టేబుల్ మీదకి వచ్చే వ్యవహారం కాదు. మామూలు పౌరుడు ఆర్టీఐ వేద్దామంటే సెక్షన్ 8లో విదేశీ ప్రభుత్వం నమ్మి ఇచ్చిన సమాచారానికి మినహాయింపు సూటిగా రాసి ఉంది. అది తప్పని నేననను, వీధిలో పెట్టాల్సిన సమాచారం కాదది, కానీ వీధిలో పెట్టలేనిదాన్ని చూడటానికే కదా ప్రతినిధి అనేవాడు.

ఈ మాట అన్నవాళ్లు లేకపోలేదు. 2010 జనవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ, రా సంస్థని నిర్మించిన ఆర్ఎన్ కావ్ స్మారకోపన్యాసంలో, అంటే నిఘా అధికారుల ముందే నిలబడి, పార్లమెంట్ పర్యవేక్షణ కావాలన్నారు. 2011లో మనీష్ తివారీ లోక్‌సభలో ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు, నిఘా సంస్థలకి చట్టం, దాని మీద పార్లమెంట్ కమిటీ ఉండాలని. అది చట్టం కాలేదు. అప్పుడు అధికారంలో ఉన్నది ఆయన పార్టీయే, తర్వాత వచ్చిన పార్టీ కూడా దీన్ని ముట్టుకోలేదు, కాబట్టి ఇది ఏ ఒక్క పార్టీ పాపం అని చెప్పలేను.

ఎంపీలకి చెప్తే లీకవుతుంది అనే భయం గురించి. ఆ భయానికి ఆధారం లేదనను, కానీ మనమే ఒకసారి చేసి చూపించాం. కార్గిల్ తర్వాత సుబ్రహ్మణ్యం కమిటీ నివేదికని 2000 ఫిబ్రవరిలో పార్లమెంట్ ముందు పెట్టారు, భద్రతకి ఇబ్బందైన భాగాలు తీసేసి. మన దగ్గర సరైన శాటిలైట్ చిత్రాలు లేవన్న లోటు అందులో బయటపడింది, మరుసటి ఏడాది అక్టోబర్‌లో ఒక మీటర్ దాకా చూడగల టీఈఎస్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి లేచింది. లోపం గురించి గట్టిగా మాట్లాడుకున్నందుకు దేశ భద్రత ఏమీ కుప్పకూలలేదు.

నేనడిగేది అందుకే ఫోటో కాదు, పద్దు. పల్లెల్లో చేబదుళ్లకి కూడా ఒక చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, ఎవరికి ఎంతిచ్చాం, ఎంత పుచ్చుకున్నాం, తేదీ, అంతే. అలాంటి పుస్తకం చిన్న కమిటీ ముందుకి ఏడాదికోసారి రావాలి, పదిమంది లోపు ఉంటే చాలు, ప్రతిపక్షం వాళ్లు కచ్చితంగా ఉండాలి, ఫోన్లు బయట పెట్టి కూర్చోవాలి, రహస్యం బయటపెడితే శిక్ష ఉండాలి. ఎన్నిసార్లు పుచ్చుకున్నాం, ఎన్నిసార్లు ఇచ్చాం. ఇచ్చినవాటిలో మన భూభాగం తాలూకు కొలతలు, మన సముద్రగర్భం వివరాలు ఏమైనా ఉన్నాయా. మనం ఇచ్చింది ఇంకో దేశానికి చేరితే మనకి చెప్పాల్సిన బాధ్యత అవతలి వాళ్లకుందా. మనం అడిగినప్పుడు అవతలి వాళ్లు ఇవ్వకుండా ఆపిన సందర్భాలున్నాయా. ఈ ప్రశ్నల్లో దేనికీ ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పక్కర్లేదు.

ఆ ఆఖరి ప్రశ్న ఊరికే పెట్టలేదు. 2025 మార్చిలో యుక్రెయిన్‌కి ఏం జరిగిందో చూశాం కదా. యుద్ధం మధ్యలో అమెరికా వాళ్లకి నిఘా సమాచారం ఇవ్వడం ఆపేసింది, మాక్సార్ కంపెనీ తీసిన ఉపగ్రహ చిత్రాలు ఒక ప్రభుత్వ ప్లాట్‌ఫారం ద్వారా యుక్రెయిన్ సైన్యానికి అందుతుండేవి, అవి కూడా కట్ చేశారు. ఆ ప్లాట్‌ఫారం నడిపేది ఎన్‌జీఏనే, బెకాలో మనతో కూర్చున్నదీ అదే. తర్వాత సౌదీలోని జెద్దాలో చర్చలు జరిగాక, 11వ తేదీన తిరిగి ఇస్తామన్నారు. ఆపింది కొద్ది రోజులే, కానీ ఆ కొద్ది రోజులు సరిహద్దులో ఉన్న సైనికుడికి ఎలా గడుస్తాయో మనం ఊహించుకోవచ్చు. లద్దాఖ్‌లోనో తవాంగ్‌లోనో మనం ఆ చిత్రాలకి అలవాటుపడిపోయి ఉంటే, అవి ఒక పొద్దున రాకపోతే మన సొంత ఉపగ్రహాలు ఎన్ని గంటల్లో ఆ లోటు పూడ్చగలవు అనే లెక్క ప్రభుత్వం దగ్గర ఉండే ఉంటుందని నా నమ్మకం, ఆ లెక్క సరిపోతుందా లేదా అని అడిగే రెండో మనిషి మాత్రం ఎవరూ లేరు.

అలాంటి కమిటీ ఎప్పటికైనా ఏర్పడి, తలుపులేసుకుని కూర్చున్న మొదటి రోజున, ఆ పద్దుల పుస్తకంలో 2022 డిసెంబర్ మొదటి వారం పేజీ తీసి చూడమంటాను నేను.